గేటులో తూకం వేస్తే చెరుకు ఆడినట్టేనా?

ఈ మధ్య మనోళ్ళకి ఓ పిచ్చి పట్టుకుంది. సర్వర్‌లో డర్టీ రేషియో 80కి ఎక్కించడం, "ఫైల్ రైట్లు నాలుగింతలు ఫాస్ట్ చేసేశా" అని టీమ్ మొత్తానికి మెయిల్ కొట్టడం. సాక్ష్యం ఏమిటయ్యా అంటే డీడీ కమాండు చూపించిన ఒక్క అంకె. అదీ ఎఫ్‌డేటాసింక్ లేకుండా! ఆ స్పీడు మీ డిస్కుది కాదు మహాప్రభో, మీ ర్యామ్‌ది.

బోధన్ వైపు వాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ (1937లో పెట్టారు, 2015 చివర్లో మూతేశారు) నడిచిన రోజుల్లో అక్కడి ఏ రైతునడిగినా చెప్పేవాడు, బండి గేటు దాటడం వేరు, చెరుకు మిల్లులో పడటం వేరు అని. కొట్టిన చెరుకు తొందరగా ఆడకపోతే ఎండిపోతుంది, పంచదార దిగుబడి పడిపోతుంది. తూకానికి ముందు ఎండితే రైతుకి నష్టం, తూకం అయ్యాక ఎండితే ఫ్యాక్టరీకి. యార్డు ఎంత పెద్దది చేసినా మిల్లు ఆడేది మాత్రం అంతే.

రైట్ కాల్ తిరిగొచ్చిందంటే గేటులో తూకం అయిందని మాత్రమే అర్థం. డేటా ఇంకా పేజ్ కాష్ అనే యార్డులోనే ఉంది. మామూలు లినక్సులో 30 సెకన్లు ముదిరిన డర్టీ పేజీల్ని, 5 సెకన్లకోసారి లేచే ఫ్లషర్ డిస్కుకి తోలుతుంది. 64 జీబీ మెషీన్లో 80 శాతం అంటే సుమారు 50 జీబీ. సెకనుకి 150 ఎంబీ రాసే హార్డ్ డిస్కుకి అది ఐదున్నర నిమిషాల పని. ఈలోగా కరెంటు పోతే? నిజామాబాద్ గంజ్‌లో పసుపు బిల్లులు కొట్టే పీసీకి యూపీఎస్ ఉందో లేదో మీ బెంచ్‌మార్క్‌కి తెలుసా?

అసలు పని చేసినవాళ్ళు యార్డు పెంచలేదు. 2012 జనవరిలో వచ్చిన 3.2 కెర్నెల్ చూడండి. అంతకు ముందు డర్టీ పేజీలు హద్దు దాటితే, రాసే ప్రాసెసే స్వయంగా డిస్కుకి పంపే పనిలో దిగేది. లైన్లో ఉన్న ప్రతి రైతూ లోపలికెళ్ళి మిల్లు తిప్పినట్టు! దాంతో డిస్కు హెడ్డు అటూ ఇటూ పరుగే పరుగు. వూ ఫెంగ్‌గువాంగ్ దాన్ని తీసేసి, డిస్కు వేగాన్ని బట్టి రాసేవాణ్ణి కాసేపు నిద్రపుచ్చే పద్ధతి పెట్టాడు. ఫ్యాక్టరీ వాళ్ళు మిల్లు కెపాసిటీ చూసుకుని కటింగ్ ఆర్డర్లు ఇచ్చినట్టన్నమాట. ఇక ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో వచ్చిన లార్జ్ ఫోలియోలు ఇంకో సంగతి. 4 కేబీ పేజీకో లెక్క రాసే బదులు పెద్ద ముక్కకి ఒకే లెక్క. బండి తూకం వేసే చోట గడగడకీ ఎవడైనా తూకం వేస్తాడా?

ఎఫ్‌సింక్ తీసేసి "ఆప్టిమైజ్" చేసే బ్యాచ్ ఇంకోటి. అది ఫెయిలైతే మళ్ళీ పిలిచి, వచ్చిన "ఓకే"ని నమ్మితే సరిపోదని 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్ళకే తెలిసొచ్చింది. ఒకసారి ఫెయిలైన ఎఫ్‌సింక్‌ని మళ్ళీ పిలిస్తే కెర్నెల్ "అంతా ఓకే" అనేసేది, రాయని పేజీని రాసినట్టు గుర్తు పెట్టేసుకుని. అందుకే వాళ్ళు ఇప్పుడు ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్‌ని ఆపేసి లాగ్ నుంచి రికవర్ చేసుకుంటున్నారు.

ఈసారి ఎవరైనా నాలుగింతల గ్రాఫ్ పంపితే, ర్యామ్‌కి ఎన్ని రెట్లు డేటా రాశారో, చివర్లో సింక్ టైము కలిపారో లేదో అడగండి. నేను అడిగాను. ఇంకా రిప్లై రాలేదు.