నలుగురిని వెంటేసుకొచ్చే చుట్టం

సిల్వర్ గిన్నెలో, అంటే అల్యూమినియం గిన్నెలో, చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే మా అమ్మ ఊరుకునేది కాదు. పులుపు గిన్నెను తినేస్తుందని ఆవిడ లెక్క. రీచార్జబుల్ అల్యూమినియం బ్యాటరీ చేద్దామనుకునేవాళ్లకి ఇదే తిరకాసు, కాకపోతే తలకిందులుగా. అల్యూమినియం మీద కంటికి ఆనని ఆక్సైడ్ పొర ఉంటుంది. గిన్నెను కాపాడేది అదే, బ్యాటరీకి అడ్డుపడేదీ అదే. దాన్ని దాటడానికి అల్యూమినియం క్లోరైడ్ కలిపిన ద్రవం వాడతారు. అది స్టీలునూ వదలదు. తేమ తగిలిందా, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. అందుకని ల్యాబుల్లో దాని పక్కన మాలిబ్డినం, టంగ్‌స్టన్ పెడతారు. చవక లోహం కోసం బయల్దేరి ఖరీదైన లోహం కొనడమన్నమాట!

2015 ఏప్రిల్‌లో స్టాన్‌ఫర్డ్‌లోని హాంగ్జీ దాయ్ బృందం 'నేచర్' పత్రికలో ఒక బ్యాటరీని చూపింది. ఒక పక్క అల్యూమినియం, ఇంకో పక్క నురుగులాంటి గ్రాఫైట్. నిమిషంలో ఛార్జింగ్, 7,500 సార్లు ఎక్కించి దించినా తగ్గని సత్తా. ఇంకేం, మన ఫోన్లు మారిపోతున్నాయని పత్రికలు రాసేశాయి. కిలోకు నిలవ ఉండేది 40 వాట్-అవర్లే అన్న సంగతి మాత్రం వెనక్కి పోయింది. లిథియం బ్యాటరీలో దానికి నాలుగైదింతలు పడుతుంది.

నిజానికి అల్యూమినియం పేద లోహం కాదు. ఒక్కో పరమాణువు మూడు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఘనపరిమాణం లెక్కన లిథియానికి దాదాపు నాలుగు రెట్ల సామర్థ్యం. చిక్కంతా ఎదుటి పక్కే. గ్రాఫైట్ పొరల్లోకి అల్యూమినియం ఒంటరిగా రాదు. నాలుగు క్లోరిన్లను వెంటేసుకుని, ఒక్క ఆవేశంతో వస్తుంది. ఒక్కడే వస్తాడని విస్తరి వేస్తే నలుగురితో దిగిన చుట్టంలాగా! అందుకే ఇంకాస్త చోటిచ్చే పదార్థాల కోసం వెతుకులాట. స్వీడన్ చాల్మర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఆంత్రాక్వినోన్ అనే సేంద్రియ పదార్థంతో చేసి చూశారు. జ్యూరిక్‌లో మరొకరు టైటానియం నైట్రైడ్ పూత పట్టుకున్నారు, ఆ తినేసే ద్రవాన్ని అది తట్టుకుంటుందని. నన్నడిగితే అసలు పని ఇదీ. పతాక శీర్షికలకెక్కదు, అంతే.

భూమి పైపొరలో అల్యూమినియం 8 శాతం, కొదవేముందంటారు. దాని ఖనిజం ఏ కొండల్లో ఉందో అరకు, చింతపల్లి గిరిజనులను అడిగితే ఆ మాట అంత తేలిగ్గా అనలేం.

ఫోన్ సంగతి వదిలేద్దాం. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద సీసపు బ్యాటరీ ఉందే, దాని నిలవ కూడా కిలోకు 30, 40 వాట్-అవర్లే. మూల పెట్టిందాన్ని ఎవరూ మోయక్కర్లేదు, డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ నాలుగైదేళ్లు నెట్టుకొస్తున్నాం. 7,500 సార్లు నిలిచేది అక్కడ కూర్చోవాలి. కూర్చోవాలంటే ముందు ఆ ద్రవానికి కరగని చవక డబ్బా ఎవరో ఒకరు చేసిపెట్టాలి.