ఫైర్‌వాల్ గడియారం ఎవరి చేతిలో?

రాత్రి పదకొండు కొట్టగానే హాస్టల్లో ఇంటర్నెట్ ఆపెయ్యాలన్న వాదన తరచు వింటున్నాం. కుర్రాళ్లు సినిమాలు చూస్తూ నిద్ర పాడుచేసుకుంటున్నారని పెద్దల బాధ. ఆ బాధ అబద్ధమని నేననను. చిక్కంతా ఆ నిబంధన రాసే తీరులోనే ఉంది.

ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్ గుమ్మం దగ్గరి కాపలాదారు. ఫలానా వేళ ఫలానా రాకపోకలు ఆపమంటే ఆపుతాడు, ఎందుకని అడగడు. లినక్స్‌లోని ఐపీటేబుల్స్‌నే తీసుకోండి. ప్రత్యేకించి చెప్పకపోతే అది యూటీసీ కాలాన్నే చూస్తుంది. అది మన గడియారానికి 5.30 గంటలు వెనక. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా అని తోచినట్టు రాసేస్తే, మనకు ఉదయం 4.30 నుంచి 10.30 దాకా ఆగుతుంది! సినిమా చూసేవాడు హాయిగా చూస్తాడు. తెల్లవారుజామున లేచి చదువుకునేవాడు దెబ్బతింటాడు. పైగా, నడుస్తున్న కనెక్షన్లను వదిలెయ్యమనే నిబంధన వరసలో ముందుంటే, 10.55కి మొదలైన డౌన్‌లోడ్ దర్జాగా సాగిపోతుంది.

అధికారులకు నా మనవి ఒక్కటే. వేళలు పెట్టండి, కాదనం. కాని లైబ్రరీకి, ఎన్‌పీటీఈఎల్ పాఠాలకు, అర్ధరాత్రితో గడువు ముగిసే దరఖాస్తులకు దారి తెరిచే ఉంచండి. పరీక్షల రోజుల్లో సడలించండి. యూనియన్ ప్రతినిధిని పక్కన కూర్చోబెట్టుకొని రాయండి, రాసింది నోటీసు బోర్డుకెక్కించండి. చదువుకునే వేళను చదువుకునేవాణ్ణి అడక్కుండా నిర్ణయించడం ఏం న్యాయం?