ఓడినా మనోళ్ళే!

క్రికెట్ పిచ్చి ఉన్న మగవాళ్ళు ఎవరింట్లో లేరు చెప్పండి? ఇండియా మ్యాచ్ అంటే కూర మాడినా వాసన రాదు, ఐపీఎల్ అంటే రాత్రి పదకొండు దాటినా భోజనాల బల్ల ఖాళీ అవదు. అయితే వీళ్ళందరిలో ఇంకో జాతి ఉంది. పేపర్లో ఆటల పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో వేసే రంజీ స్కోర్లు కళ్ళజోడు పెట్టుకుని మరీ వెతుక్కునే జాతి. మా వారు అచ్చంగా ఆ బాపతు. ఆయన జట్టు హైదరాబాద్. గెలిచే జట్టు మీద ప్రేమ ఎవరికైనా ఉంటుంది. ఓడిపోయే జట్టును కట్టుకుని ఏళ్ళ తరబడి కాపురం చెయ్యడం ఎలాగో నేను మా ఇంట్లోనే చూశాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైంది. దేశంలోని జట్లు ఒకదానితో ఒకటి ఆడే పోటీ. లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు. గెలిస్తే 6 పాయింట్లు. గెలుపోటములు తేలకపోతే మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసినవాళ్ళకి 3, రెండోవాళ్ళకి 1. అంటే మ్యాచ్ గెలవకపోయినా కొంత దక్కుతుందన్నమాట. మన సంసారాల్లాగే!

ఇక అసలు తమాషా. తెలుగువాళ్ళకు ఇందులో ఒక జట్టు కాదు, రెండు. ఒకటి హైదరాబాద్, రెండోది ఆంధ్ర. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టూ పుట్టింది. 1956లో రాష్ట్రాలు ఒక్కటైనా ఈ జట్లు కలవలేదు, 2014లో విడిపోయినప్పుడు వీటికి కొత్తగా విడిపోవాల్సిన పనీ పడలేదు. తెలంగాణ వచ్చాక కూడా జట్టు పేరు హైదరాబాదే.

మా వారు పుట్టింది సికిందరాబాద్‌లో. నాది తెనాలి. 1993లో పెళ్ళయి ఎస్.ఆర్. నగర్ వచ్చాను. అనంతపురం జిల్లాలో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారి పేరు పెట్టుకున్న కాలనీ ఇది. పక్కనే అమీర్‌పేట, అది దాటితే పంజగుట్ట. మైత్రీవనం చుట్టూ కోచింగులకు, ఉద్యోగాలకు వచ్చిన పిల్లలతో ఒక్క వీధిలో పది జిల్లాల యాస వినిపిస్తుంది. ఇలాంటి చోట ‘ఏ ఊరమ్మా మీది?’ అనేదే మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న మా ఇంట్లో ఉండేది: ‘రంజీలో ఎటువైపు?’

నేను కాపురానికొచ్చిన కొత్తలోనే, 1994 జనవరిలో, సికిందరాబాద్‌లో హైదరాబాద్, ఆంధ్ర తలపడ్డాయి. మనవాళ్ళు, అంటే అత్తవారి వైపు మనవాళ్ళు, 6 వికెట్లకు 944 పరుగులు కొట్టి ఇక చాలు పొమ్మన్నారు. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఒకే ఇన్నింగ్స్‌లో ఒక ట్రిపుల్ సెంచరీ, రెండు డబుల్ సెంచరీలు! ఆ ఆట జరిగినన్ని రోజులూ వంటింట్లో నా పరిస్థితి ఊహించుకోండి. మరిది వచ్చి ‘వదినా, మీ వాళ్ళు ఇంకా బంతులు ఏరుకుంటూనే ఉన్నారు’ అనడం, అత్తగారు ముసిముసిగా నవ్వడం. నేను మాట్లాడకుండా ఆ పూట చారులో మిరియాలు ఎక్కువ వేసి ఊరుకున్నాను.

మా వారి గర్వం ఊరికే వచ్చింది కాదులెండి. 1937-38లో హైదరాబాద్ రంజీ గెలిచింది, ఫైనల్లో నవానగర్ మీద ఒకే ఒక్క వికెట్ తేడాతో. ఎడుల్జీ ఐబారా 137 పరుగులు చేసి చివరిదాకా నిలబడ్డాడు. ఆ తరవాత ఎం.ఎల్. జయసింహ రోజులు. ఇండియాకు కెప్టెన్‌గా చేసిన పటౌడీ నవాబుగారు ఇక్కడికొస్తే జయసింహ కెప్టెన్సీ కింద ఆడేవారట. అంతటి ఆటగాళ్ళున్నా కప్పు మాత్రం రాలేదు. మళ్ళీ 1986-87లో, ఢిల్లీ వెళ్ళి ఢిల్లీని ఓడించి తెచ్చుకున్నారు. మధ్యలో 49 ఏళ్ళు! మొదటిసారి చూసిన కుర్రాడు రెండోసారికి తాతయ్య అయివుంటాడు.

ఆ 1986-87 జట్టుకు కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. అందరూ ‘బాబ్జీ’ అనేవారు. ఆయన తరవాత ఉత్తర ఐర్లండ్‌లోని స్ట్రాబేన్ అనే ఊళ్ళో స్థిరపడి, అక్కడి పిల్లలకు క్రికెట్ నేర్పి, బ్రిటిష్ ప్రభుత్వం నుంచి ఎం.బి.ఇ. గౌరవం కూడా అందుకున్నారు.

ఐర్లండ్ అంటే గుర్తొచ్చింది. అక్కడ ‘హర్లింగ్’ అని వాళ్ళ సొంత ఆట ఒకటి ఉంది. కర్రతో బంతిని కొట్టే ఆట. మన జిల్లాల్లాగా వాళ్ళకి కౌంటీలు. పుట్టి పెరిగిన కౌంటీకే ఆడటం రివాజు. ఆడినందుకు జీతం ఉండదు. వారమంతా బడిలో పాఠాలు చెప్పుకునేవాడు, పొలం చేసుకునేవాడు ఆదివారం పూట ఊరి పరువు కోసం దిగుతాడు. అందులో క్లేర్ అనే కౌంటీ 1914లో గెలిచింది. మళ్ళీ గెలిచింది 1995లో, 81 ఏళ్ళకి. అన్నేళ్ళూ తల్లులు పిల్లలకు ఆ జట్టు రంగుల చొక్కాలు తొడిగి పంపుతూనే ఉన్నారన్నమాట. ఈ సంగతి చదివి మా వారికి చెబితే, ‘చూశావా, మేమే నయం’ అని సంబరపడ్డారు.

1999-2000లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఒక్క సీజన్‌లో 9 మ్యాచ్‌లు ఆడి 8 సెంచరీలతో 1,415 పరుగులు చేశాడు. సెమీ ఫైనల్లో కర్ణాటక మీద 353. ఇంకేం, కప్పు మనదే అనుకున్నారు. ఫైనల్లో ముంబై ఎగరేసుకుపోయింది.

ఇక అక్కడినుంచి దిగుడే దిగుడు. 2010 నవంబరులో జైపూర్‌లో రాజస్థాన్ మీద మొత్తం జట్టు కలిసి 21 పరుగులకు ఆలౌటైంది. తప్పు చదవలేదు, ఇరవై ఒకటే! రంజీ చరిత్రలో అప్పటికి అంత తక్కువ ఎవరూ చెయ్యలేదు. కొత్తగా వచ్చిన దీపక్ చాహర్ అనే కుర్రాడు 10 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఎక్కువ పరుగుల రికార్డూ మాదే, తక్కువ పరుగుల రికార్డూ మాదే అని మా వారు నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. ఆ పూట అన్నం దగ్గర నేను ఆంధ్ర ఊసు ఎత్తలేదు. 944 నాడు నాకు జరిగినదానికి బదులు తీర్చుకోవచ్చు, కానీ పడ్డవాళ్ళని పొడవడం మా తెనాలి పద్ధతి కాదు.

ఆటగాళ్ళు కూడా నిలకడగా ఉండలేదు. అంబటి రాయుడు హైదరాబాద్ నుంచి వేరే జట్లకు వెళ్ళి మళ్ళీ వచ్చాడు. హనుమ విహారి హైదరాబాద్‌కీ ఆడాడు, ఆంధ్రకీ ఆడాడు. 2023 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ మీద మణికట్టు విరిగినా, కుడిచేతి వాటం కుర్రాడు ఎడమచేతి వాటంగా నిలబడి ఆంధ్ర కోసం బ్యాటు పట్టాడు. ఆ రోజు మా వారు కూడా లేచి చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కళ్ళు తుడుచుకున్నాను.

అదే 2022-23 సీజన్‌లో హైదరాబాద్ తన గ్రూపులో అట్టడుగుకు పడి, చిన్న జట్లు ఆడే ప్లేట్ గ్రూపుకు దిగిపోయింది. రెండుసార్లు కప్పు గెలిచిన జట్టుకు ఎంత చిన్నతనమో ఆలోచించండి. సంఘంలో తగాదాలు కోర్టులకెక్కి, 2023లో సుప్రీంకోర్టు జస్టిస్ నాగేశ్వరరావుగారిని ఏకసభ్య కమిటీగా వెయ్యాల్సి వచ్చింది. పెద్దలు పోట్లాడుకుంటే నష్టపోయేది ఎప్పుడూ పిల్లలేగా!

నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సరిగ్గా ఆ శీతాకాలమే మా అబ్బాయి సి.ఏ. పరీక్ష మూడోసారి తప్పాడు. మా వారు వాడితో వారం రోజులు మాట్లాడలేదు. ఫలానావాళ్ళ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట, ఫలానావాళ్ళ అబ్బాయి అమెరికా వెళ్ళాడట అని గోడలకు చెప్పడం. వాడేమో గదిలోంచి బయటికి రాడు. పెళ్ళికి పిలుపొస్తే, ‘నేను రానమ్మా, ఏం చేస్తున్నావని అడుగుతారు’ అన్నాడు. ఆ మాటకి నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఆ రోజు రాత్రి పాలగ్లాసు ఇస్తూ మా వారిని ఒక్క మాట అడిగాను. “జట్టు ఆరు మ్యాచ్‌లు ఓడితే ‘ఈ సీజన్ పోతే పోనీ, వచ్చే సీజన్ ఉందిగా’ అంటారు. మూడు పరీక్షలు తప్పిన మీ కొడుక్కి వచ్చే సీజన్ లేదాండీ?” అని. ఆయన జవాబివ్వలేదు. గ్లాసు పక్కన పెట్టి వాడి గదిలోకి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తెల్లారి ఇద్దరూ కలిసి స్కోరు చదువుతున్నారు.

మా అబ్బాయి సి.ఏ. పూర్తి చేశాడని చెబితే కథ బాగుండేది. చెయ్యలేదు. వేరే చోట అకౌంట్ల పనిలో కుదురుకున్నాడు, తలెత్తుకుని తిరుగుతున్నాడు. నాకది చాలు.

జట్టు సంగతంటారా, 2023-24లో ప్లేట్ గ్రూపు గెలిచి మళ్ళీ పైకొచ్చింది. 2024 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో మూడు వందలు దాటి 366 దగ్గర ఆగాడు. శ్రీధర్ కొట్టిందీ 366, ఇతను కొట్టిందీ 366! చిన్న జట్టు మీద కొట్టాడని అనేవాళ్ళు అన్నారు. అననివ్వండి. పైకొచ్చాక అన్నీ గెలిచేశారనుకోకండి. 2024 నవంబరులో గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ ఆంధ్ర తరఫున మా వారి జట్టు మీదే డబుల్ సెంచరీ చేశాడు. ముప్ఫై ఏళ్ళ బాకీలో ఒక వాయిదా తీరిందనుకుని ఆ పూట నేను పాయసం చేశాను. మా వారు రెండుసార్లు వడ్డించుకున్నారు.

మన ఆడపిల్లల మాట మరిచిపోతే ఎలా? భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష హైదరాబాద్ తరఫున ఆడుతూ ఎదిగి, 2025లో అండర్-19 ప్రపంచకప్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. అదే ఏడాది నవంబరులో పెద్దవాళ్ళ ప్రపంచకప్ గెలిచిన జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉంది, హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డీ ఉంది. అక్కడ ఎటువైపు అని అడిగేవాళ్ళు లేరు, అందరం ఒకవైపే.

మీకూ చూడాలనిపిస్తే, ఉప్పల్‌లో రంజీ ఉన్న రోజు ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, స్టేడియం స్టేషన్‌లో దిగండి. ఐపీఎల్ తొక్కిసలాట ఉండదు. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్ళాలనుకుంటే లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. ఇంట్లో ఆడే పిల్లలుంటే ఒక చిట్కా: తెల్ల ప్యాంటు మీద గడ్డి మరకలకి ముందే వేడినీళ్ళు పొయ్యకండి, మరక పట్టేస్తుంది. చన్నీళ్ళలో తడిపి, మరక మీద కాస్త తెల్ల వెనిగర్ రాసి, పావుగంట ఆగి సబ్బుతో రుద్ది ఉతకండి.

గెలిచిన రోజు భుజం తట్టడానికి ఊరంతా ఉంటుంది. ఓడి ఇంటికొచ్చిన రోజు తలుపు తీసేది మనమే. ఆ రోజు ‘ఎన్ని మార్కులు, ఎన్ని పరుగులు’ అని అడిగే ముందు, ‘కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతాను’ అందాం. తక్కినది వచ్చే సీజన్‌లో చూసుకోవచ్చు. ఏమంటారు?