నాపరాయి మీద యాసిడ్ చుక్క

మా నంద్యాల ఇంట్లో హాలంతా నాపరాళ్లే. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా వాటి మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏ ఏసీలోనూ రాదు. ఆ నేలను పాడుచేసిన ఘనత నాదే.

అప్పుడు నేను పదో తరగతి. అక్క నిశ్చితార్థానికి ఇంకా రెండు రోజులుంది. నేల తళతళ మెరవాలని బాత్రూమ్ కడిగే యాసిడ్ తెచ్చి హాల్లో పోశా. బుస్సుమని నురగ! "చూడమ్మా, మురికంతా ఎట్ల పోతాందో" అన్నా. అమ్మ కూడా మురిసిపోయింది. ఆరాక చూస్తే నునుపు పోయి, తెల్లగా గరుకు మచ్చ. నిశ్చితార్థం రోజున దాని మీద తివాచీ కప్పాం.

పోయింది మురికి కాదు, నేలే. నాపరాయి అంటే సున్నపురాయి. అందులో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ సీసాలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఈ రెండూ కలిస్తే కాల్షియం క్లోరైడ్, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ తయారవుతాయి. నేను చూసిన నురగ ఆ వాయువుదే. విచిత్రమేంటంటే, ఈ సమీకరణం నాకు పుస్తకంలో నోటికొచ్చు! బీకరులో మాత్రం ఒక్కసారీ చూడలేదు. మా ల్యాబ్ బీకర్లు అద్దాల బీరువాలో, బీరువా తాళంలో.

మీకు బీకరు అక్కర్లేదు, గాజు గ్లాసు చాలు. యాసిడ్ జోలికి అస్సలు పోవద్దు. గ్లాసులో కాస్త వెనిగర్ పోసి చిన్న నాపరాయి పెచ్చు వేయండి. కాసేపటికి రాయికి బుడగలు అంటుకుని పైకి లేస్తాయి. వెనిగర్ బలహీనమైన ఆమ్లం కాబట్టి బుస్సుమనదు, నిదానంగా పనిచేస్తుంది.

మొన్న ఆళ్లగడ్డ వెళ్లినప్పుడు విగ్రహాలు చెక్కే చోట ఒక పెద్దాయన్ని అడిగి నల్లరాయి పెచ్చు తీసుకున్నా. జేబులోంచి నిమ్మకాయ తీసి పిండితే ఆయన నవ్వాడు. "మా రాయి నీ నిమ్మకాయకు లొంగదబ్బీ!" నిజమే, ఒక్క బుడగా రాలేదు. అందులో ఎక్కువగా సిలికేట్ ఖనిజాలుంటాయి. అవి నిమ్మరసానికి కదలవు. చూస్తే రెండూ రాళ్లే. గుట్టు చెప్పింది మాత్రం ఒక్క పులుపు చుక్క.

ఇంకో ప్రయోగం. తమలపాకులకు వాడే సున్నం చిటికెడు నీళ్లలో కలిపి, కదపకుండా ఉంచి, పైన తేరిన సున్నపుతేట గ్లాసులోకి వంచండి. స్ట్రాతో మెల్లగా ఊదండి. ఊదడమే, పీల్చకూడదు. కళ్లు దూరంగా పెట్టండి. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల తేట పాలలా మారుతుంది. అంటే నీళ్లలో సన్నటి సున్నపురాయి పొడి పుట్టిందన్నమాట. కార్బన్ డయాక్సైడ్ ఇంకా బాగా ఎక్కువగా కలిస్తే ఆ తెలుపు మళ్లీ విరిగి నీళ్లు తేటపడతాయి. పొడి బైకార్బొనేట్‌గా మారి కరిగిపోతుంది.

ఈ రెండో సగమే మన బెలూం గుహల కథ. మా నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలను తొలిచింది ఇదే పద్ధతి. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీరు సున్నపురాయిలోకి దిగి లక్షల ఏళ్లు కొద్దికొద్దిగా కరిగిస్తూ పోయింది. ఆ నీరు పైకప్పు నుంచి చుక్కలుగా జారి, వాయువు తప్పించుకున్నప్పుడు సున్నం మళ్లీ పేరుకుని ఊడల్లా వేలాడుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పెచ్చూ ఆ కుటుంబమే.

చివరగా ఒక్క మాట, ఇది మాత్రం ప్రయోగం కాదు. బాత్రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపేసిన బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో కడిగేది ఎవరైతే వాళ్లకి ఈ రోజే చెప్పండి.

మా అమ్మ ఇప్పుడు సబ్బునీళ్లతోనే తుడుస్తుంది. అక్క పండక్కి వచ్చిన ప్రతిసారీ ఆ మచ్చ మీద కాలు పెట్టి, "ఇదిగో, వీడి పదో తరగతి సైన్సు మార్కులు" అంటుంది. బావ ముందు కూడా!