గుబ్బల టైరును నమ్మకండి

కల్హేర్ లాంటి ఊళ్లలో సైకిల్ తొక్కేవాళ్లకు దొరికే సలహా ఒకటే: పంచర్ పడొద్దంటే గుబ్బలున్న మందం టైరు వేయించుకో. ఇది ఉత్త భ్రమ.

పొలాల బాటల్లో మన శత్రువు ముల్లు. గట్ల మీద సర్కారు తుమ్మ, కంచె నుంచి జారిపడ్డ కంప, నేలంతా పల్లేరుకాయలు. గుబ్బ మందంగానే ఉంటుంది, కాదనను. కానీ గుబ్బల సందులో రబ్బరు పలుచన. ముల్లు అక్కడ దిగిందంటే నేరుగా ట్యూబుకే. ముల్లును ఆపేది పైకి కనబడని పట్టీ. నేలకు ఆనే రబ్బరు కింద అరామిడ్ నేతతోనో, మెత్తటి రబ్బరుతోనో దాన్ని వేస్తారు. జర్మనీ కంపెనీ ష్వాల్బే చేసే మారథాన్ ప్లస్‌లో ఆ పట్టీ మందం 5 మిల్లీమీటర్లు. అయినా పక్కగోడకు ఆ రక్షణ ఉండదు, పొడుగాటి తుమ్మముల్లుకు ఆ పట్టీ కూడా లొంగవచ్చు. అసలు పంచరే పడదని అమ్మేవాడి మాట వినకండి.

సైజు దగ్గర ఇంకో మోసం. రెండింటినీ ‘26’ అనే అంటారు, కానీ 26×1⅜ టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముది, 26×1.95 టైరు 559ది. ఒకటి ఇంకోదానికి పట్టదు. పాత పెద్ద సైకిల్ 28×1½ అయితే 635. టైరు పక్కన అచ్చయిన ఈ అంకె చూసే కొనాలి.

అసలు గొడవంతా బిగింపులో ఉంది. ప్యాచ్ వేయించిన మర్నాడే గాలి దిగితే టైరును తిడతాం. విరిగిన ముల్లు మొన టైరు లోపలే మిగిలి ఉంటే ఏ ప్యాచ్ నిలుస్తుంది? లోపల గుడ్డ తిప్పితే నూలు చిక్కుకున్న చోట మొన దొరుకుతుంది. ట్యూబుకు రిమ్ము వైపు రంధ్రం పడితే రిమ్ టేపు జరిగి స్పోకు తల గుచ్చుకుందని అర్థం. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై గతుకులో నలిగింది. ఈ రెండింటికీ ఎంత ఖరీదైన టైరూ మందు కాదు.

పట్టీ టైరు బిరుసు. చివరి జానెడు ఎక్కదని స్క్రూడ్రైవరుతో పొడిచి కొత్త ట్యూబుకే చిల్లి పెడతారు. ట్యూబులో కాస్త గాలి పెట్టి, వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి, అంచును రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కుతూ వాల్వు దగ్గర ముగిస్తే చేతులతోనే ఎక్కుతుంది.

కొత్త టైరుకు డబ్బు తీసేముందు పాత ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు ఏ వైపు నుంచి వస్తున్నాయో ఒక్కసారి చూడండి.