మార్జార కిశోర న్యాయం: మూగప్రాణికి వీడ్కోలు ధర్మమా?

పెంచిన పిల్లి ముసలిదై, చికిత్సకు లొంగని వ్యాధితో కృశిస్తున్నప్పుడు పశువైద్యుని చేత దానికి నొప్పి తెలియని మరణం ఇప్పించవచ్చునా? పల్నాడు జిల్లా మాచవరం నుండి ఒక భక్తురాలు అడిగిన ప్రశ్న ఇది. పిల్లికి పదునాలుగేళ్లు. మూత్రపిండాలు క్షీణించాయని వైద్యుడు తేల్చాడు. ఇంటిలో ఒకరు "దాని బాధ చూడలేము" అంటున్నారు. మరొకరు "ప్రాణం పోసినవాడే తీసుకోవాలి, నడుమ మనమెవరం?" అంటున్నారు. సత్సంగంలో ఈ మాట ఎత్తితే కొందరు నవ్వారట, పిల్లికి కూడా ధర్మశాస్త్రమా అని.

ఇది నవ్వదగిన విషయం కాదు. విద్యావినయసంపన్నుడైన బ్రాహ్మణునిలోను, ఆవులోను, ఏనుగులోను, శునకంలోను ఒకే తత్త్వాన్ని చూసేవాడే పండితుడని గీత పంచమాధ్యాయం చెబుతుంది. మనుస్మృతి పదకొండవ అధ్యాయం పిల్లిని చంపినవానికి ప్రాయశ్చిత్తం విధించింది. బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలనే మాట నేటికీ మన పెద్దల నోట వినిపిస్తుంది. కనుక పిల్లి ప్రాణం శాస్త్రదృష్టిలో తేలిక కాదు. అందుచేతనే ప్రశ్న కూడా తేలిక కాదు.

ముందుగా పూర్వపక్షం. ఆక్షేపణలు మూడు. ఇది హింస అన్నది మొదటిది. ఆ జీవుడు తన ప్రారబ్ధాన్ని అనుభవిస్తున్నాడు, మధ్యలో తెంచితే మిగిలిన భాగం కోసం మళ్లీ పుట్టవలసి వస్తుందన్నది రెండవది. స్వర్గద్వారం వద్ద కూడా ధర్మరాజు తనను నమ్మి వచ్చిన శునకాన్ని విడువలేదు, మనం ఎలా విడుస్తామన్నది మూడవది.

మొదటి ఆక్షేపణను చూద్దాం. యోగసూత్రాలకు భాష్యం రచించిన వ్యాసుడు అహింసను నిర్వచిస్తూ, ఏ ప్రాణి పట్లా ఏ కాలంలోను ద్రోహబుద్ధి లేకుండడమే అహింస అన్నాడు. నిర్ణయం ద్రోహబుద్ధిని బట్టి జరగాలి. చేతి కదలికను మాత్రమే చూసి చెప్పరాదు. వ్రణాన్ని కోసే శస్త్రవైద్యుడు, కడుపులో పొడిచే దుండగుడు ఇద్దరూ కత్తినే పడతారు.

ఈ విచారణ మన దేశంలో ఒకసారి బహిరంగంగా జరిగింది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ వికలాంగమై తీవ్ర బాధలో పడింది. చికిత్స చేశారు, సేవ చేశారు. ప్రక్కకు ఒత్తిగిలడం కూడా దానికి దుర్భరమైంది. ఇక ఆశ లేదని వైద్యుడు చెప్పాడు. గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించాడు. ప్రాణం పోయలేని మనకు తీసే అధికారం లేదని అక్కడ కూడా ఒకరు వాదించారు. చివరకు గాంధీజీ సమక్షంలో వైద్యుడు సూది మందు ఇచ్చాడు. రెండు నిమిషాలలోపే అంతా ముగిసింది. దానిపై పెద్ద దుమారం రేగింది, ఆగ్రహంతో నిండిన ఉత్తరాలు వచ్చిపడ్డాయి. గాంధీజీ తన చర్యను దాచలేదు, తన పత్రికలలో తానే వివరంగా వ్రాసి సమర్థించుకున్నాడు. ఆయన పెట్టిన నియమాలు నాలుగు: వ్యాధి అసాధ్యమై ఉండాలి, సంబంధించిన వారందరూ ఆశ వదలుకొని ఉండాలి, ఏ సేవా ఉపకరించని స్థితి రావాలి, తన కోరికను తెలుపుకొనే శక్తి ఆ ప్రాణికి లేకుండాలి.

మూడవ నియమం అత్యంత ముఖ్యమైనది. సేవకు అవకాశం ఉన్నంత వరకు సేవే ధర్మం. దీనికి ప్రమాణం అరుణాచలంలో ఉంది. రమణాశ్రమంలోని గోవు లక్ష్మి 1948 జూన్ 18న దేహం విడిచింది. అవసానకాలంలో భగవాన్ రమణులు దాని చెంత కూర్చుండి, ఒక చేయి శిరస్సుపైన, ఒక చేయి హృదయస్థానంలో ఉంచారు. దానికి సమాధి కట్టించి, ముక్తి పొందినదని పద్యం వ్రాశారు. ఆ ప్రక్కనే జింకకు, కాకికి, శునకానికి కూడా సమాధులున్నాయి. మన గుంటూరు మండలపు కొలనుకొండలో పుట్టిన సూరి నాగమ్మగారి లేఖల వలన ఆశ్రమంలోని ఈ కరుణను తెలుగువారు ఎరుగుదురు. అక్కడ సూది అవసరపడలేదు, సన్నిధి చాలింది. ఈ రెండు ఘట్టాలు పరస్పర విరుద్ధాలని నేను అనుకోను. అరుణాచలం మొదటి కర్తవ్యం చెబుతుంది, సబర్మతి చివరి కర్తవ్యం చెబుతుంది. మొదటిది చేయకుండా రెండవదానికి పోవడమే దోషం.

రెండవ ఆక్షేపణ ప్రారబ్ధం. తిర్యగ్జన్మ భోగయోని, అక్కడ కర్మఫలానుభవమే గాని కొత్త కర్మ సంచయం లేదని మన సంప్రదాయం. అయితే ఆ ప్రారబ్ధం ఎంత మిగిలి ఉన్నదో కొలిచిన వారెవరు? బాధ ప్రారబ్ధమైతే, బాధను తీర్చే చేయి లభించడం ప్రారబ్ధం కాదా? ఈ వాదాన్నే నిజమని పట్టుకుంటే పిల్లికి మందు వేయడం కూడా కర్మకు అడ్డు తగలడమే అవుతుంది. తన జ్వరానికి మాత్ర మింగుతూ మూగజీవి నొప్పికి కర్మసిద్ధాంతం వల్లించేవాని మాట నమ్మదగినది కాదు.

మూడవది ధర్మరాజు దృష్టాంతం. ఇది పరిశీలిస్తే మన పక్షానికే వస్తుంది. ఆయన నిరాకరించినది శునకానికి సుఖమరణం ఇవ్వడాన్ని కాదు, ఆశ్రితుని త్యజించడాన్ని. ఆశ్రితత్యాగం అంటే ఏమిటో మన ఊళ్లలో అందరికీ తెలుసు. జబ్బుపడిన పిల్లిని గోతాంలో వేసి పొలిమేర దాటించి వస్తారు. "మేము చంపలేదు" అని చేతులు కడుక్కుంటారు. అది ఆకలితోనో, కుక్కల నోటనో చస్తుంది. కొందరు ఎలుకల మందో, పురుగుల మందో కలుపుతారు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం పదకొండవ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులకు వదిలివేయడం, క్రూరంగా చంపడం రెండూ నేరాలే. ధర్మశాస్త్రం దృష్టిలో అవి అంతకంటె పెద్ద దోషాలు.

ఇక భరతచక్రవర్తి కథ మరచిపోరాదు. తల్లిని కోల్పోయిన జింకపిల్లను కాపాడటం ఆయన తప్పు కాదు. "నాది" అన్న భావంలో మునిగి, అంత్యకాలంలో దానినే స్మరించి జింకగా జన్మించాడు. ఇంటి పిల్లి విషయంలో ఈ మమకారం రెండు రూపాలు ధరిస్తుంది. మన దుఃఖాన్ని వాయిదా వేసుకోవడానికి దాని బాధను పొడిగించడం ఒకటి. మన శ్రమను తప్పించుకోవడానికి దాని ఆయుష్షును కుదించడం మరొకటి. రెండింటిలోను కేంద్రం నేనే, పిల్లి కాదు. సాధకుడు తనను తాను అడుగవలసిన ప్రశ్న ఇది: ఈ నిర్ణయం ఎవరి కోసం?

దీనికి సమాధానం ఊహలో దొరకదు, పరిశీలనలో దొరుకుతుంది. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. అరవడం లేదు గనుక బాధ లేదనుకోరాదు. తానై తింటున్నదా, నాలుకతో ఒళ్లు శుభ్రం చేసుకుంటున్నదా, ఎండ పొడకు వచ్చి కూర్చుంటున్నదా, పిలిస్తే తల ఎత్తుతున్నదా? ఈ నాలుగింటిని గోడమీది క్యాలెండరులో రోజూ గుర్తు పెట్టండి. చెడ్డ రోజులు మంచి రోజులను మించిపోయి, వైద్యుడు కూడా ఇక చేయగలిగినది లేదంటే కాలం సమీపించినట్లే. ఈలోగా నొప్పి తగ్గుతుందని మనం వాడే పారాసిటమాల్ మాత్ర వేయకండి. అది పిల్లికి విషం, ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. ప్రభుత్వ పశువైద్యశాలలు ప్రధానంగా పాడి పశువుల కోసమే అయినా, ముందు అక్కడ అడగడానికి సంకోచించకండి. అర్హుడైన వైద్యుడు ముందు మత్తు ఇస్తాడు. స్పృహ పోయిన తరువాతనే చివరి మందు ఇస్తాడు.

ఇంత చేసినా మనస్సులో ఒక ముల్లు మిగులుతుంది. మిగలాలి కూడా. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ అనే ఐదు స్థానాలలో గృహస్థు చేత తెలియకుండానే హింస జరుగుతుందని చెప్పి, దాని పరిహారానికి శాస్త్రం పంచమహాయజ్ఞాలు విధించింది. పూర్తిగా నిర్దోషమైన గృహస్థజీవనం లేదని మన ఋషులకు తెలుసు. ఆ బరువును ఒప్పుకొని మోయడమే వారు నేర్పినది. కనుక చివరి క్షణంలో గది బయటకు పోకండి. దాని తల మీద చేయి ఉంచి భగవన్నామం పలకండి. పెరటిలో గౌరవంగా భూస్థాపన చేసి దీపం పెట్టండి. కొన్నాళ్లు దాని పేరున మరొక మూగజీవికి అన్నం పెట్టండి, అదే భూతయజ్ఞం.

శ్రీవైష్ణవ సంప్రదాయంలో మార్జార కిశోర న్యాయం ప్రసిద్ధం. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే దానిని నోట కరచుకొని పోతుంది. ఎలుకను చంపేదీ ఆ పళ్లే, కూనకు గాటు పడకుండా మోసేదీ ఆ పళ్లే. మాచవరపు తల్లీ, ఇంతకాలం నీ ఇంటిని నమ్ముకున్న ఆ జీవి ఇప్పుడు నిన్ను పట్టుకోలేదు. నీవే పట్టుకోవాలి. ముందు సేవతో, సేవకు అందని నాడు విడుదలతో. నా అభిప్రాయంలో అది పాపం కాదు. వైద్యుని మాట, నీ క్యాలెండరు, నీ అంతఃకరణం మూడూ ఒక్కటైన నాడు సందేహించకు.

స్వస్తి.