ఇరుసు తీసేసిన బండి

మా మేనల్లుడు కారుకు ఇరుసు తీసేశాడు. ఈ మాట మా వూళ్ళో చెబితే "అయ్యో, మరి బండి నడిచేదెట్లా?" అని అడిగినవారే గాని, "ఎందుకు తీశాడు?" అని అడిగినవారు ఒక్కరూ లేరు. వారి తప్పు కాదు. ఇరుసు లేనిదే బండి లేదనుకొనే దేశం మనది. కందెన పెట్టకపోతే ఇరుసు కీచుమంటుందని మనకు తెలుసు. అసలు ఇరుసే లేకపోతే ఏమవుతుందో ఎవరికి తెలుసు? నాకూ తెలియదు, పోయిన వేసవి సెలవుల్లో అమెరికా వెళ్ళి, డెట్రాయిట్ నగరం పక్కన మా అక్కయ్యగారింట్లో ఆరు వారాలు వుండి వచ్చేదాకా.

అక్కయ్యగారి గరాజులో 1967 నాటి ఫోర్డు మస్టాంగు కారొకటి వుంది. బావగారు ఆ దేశం వెళ్ళిన కొత్తలో, ఇంట్లోకి మంచాలూ కుర్చీలూ కొనకముందే దాన్ని కొన్నారట. ఈ జాతి కార్లను అక్కడ మజిల్ కార్లంటారు; మనం కండల కార్లనుకోవచ్చు. 1964లో పాంటియాక్ కంపెనీవారు మధ్యరకం బండిలో పెద్ద బండి ఇంజను పెట్టి, జి.టి.ఓ. అని పేరు పెట్టి అమ్మారు. ఈ వంశానికి మూలపురుషుడు అదేనని చాలామంది లెక్క. ఆ సంవత్సరం ఏప్రిల్‌లోనే వచ్చిన మస్టాంగును మాత్రం, శాస్త్రం తెలిసినవారు ఆ వంశంలో చేర్చక, "పోనీ కారు" అని వేరే పేరు పెట్టారు. పోనీ అంటే తట్టుగుర్రం. అక్కయ్యకు మాత్రం ఆ పేరు తెలుగులోనే వినిపించింది.

"పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నాను తమ్ముడూ! పేరులోనే వుంది గదా, పోనీండి, ఎవరికైనా ఇచ్చేయండి అని. వింటేనా?" అన్నది.

ఆమె విసుక్కోవడానికి కారణం లేకపోలేదు. రెండేళ్ళ కిందట బావగారికి వెన్నుపూసకు ఆపరేషనయింది. లేచి తిరగగలిగిన తరువాత, ఒకనాడు ముచ్చటపడి ఆ కారెక్కారు. వీధి చివర రైలు గేటు వుంది. పట్టాలు దాటగానే కారాపి, దిగి, నడుము పట్టుకొని నడిచి ఇంటికి వచ్చారట. మరునాడు కారుమీద దుప్పటి కప్పేశారు. ఆనాటినుంచి గరాజులోకి వెళ్ళడమే మానేశారు. మనిషి కూడా బాగా మాట తగ్గించాడని అక్కయ్య నాతో చాటుగా చెప్పింది.

మేనల్లుడికి ఇరవై నాలుగేళ్ళు. "మామయ్యా, తప్పు నాన్న నడుముది కాదు, ఇరుసుది" అన్నాడు నేను దిగిన రోజునే. నన్ను కారు కిందికి దూర్చి, దీపం పెట్టి చూపించాడు.

చూస్తే నాకు తెలిసిన సరుకే! ఎద్దుబండికి అడ్డంగా ఒక ఇరుసు, రెండు కొసలా రెండు చక్రాలు. ఎడమ చక్రం రాయెక్కితే కుడి చక్రం కూడా ఒరుగుతుంది. 1958 మొదలు 2014 దాకా మన దేశంలో తయారైన అంబాసడరుకు వెనకవైపున్నదీ అదే: గొట్టంవంటి ఇరుసు, దాని కిరుపక్కలా కమాను కట్టలు. ఈ మస్టాంగుకూ అంతే. ముందు భాగం గుర్రాలది, వెనక భాగం ఎద్దులది!

చిక్కేమిటంటే, ఆ గొట్టం మధ్యలోనే డిఫరెన్షియలు అనే పళ్ళచక్రాల డబ్బా వుంటుంది. అంతా ఇనుము. కమానుల పైనున్న బరువును కమానులు మోస్తాయి. కింద వున్న ఈ ఇనుమును మోసేవారు లేరు. చక్రం గుంటలో పడి లేచినప్పుడల్లా ఇదంతా దానితోబాటు ఎగిరిపడుతుంది. ఆ దెబ్బ పైకి వచ్చి, కూర్చున్నవాడి వెన్నుకు తగులుతుంది.

దీనికి మారుగా మరొక పద్ధతి వుంది. డిఫరెన్షియలును కారు అడుగు భాగానికే బిగించేస్తారు. అది ఎగరదు. దానినుంచి రెండు పక్కలకూ కీళ్ళున్న చిన్న షాఫ్టులు చక్రాలను తిప్పుతాయి. ఒక్కొక్క చక్రం తన చేతులమీద తాను లేచి దిగుతుంది. ఎడమవాడి గొడవ కుడివాడికి పట్టదు.

"అంటే ఉమ్మడి కుటుంబం వేరు పడడమన్నమాట" అన్నాను.

"వేరు పడడం కాదు మామయ్యా, ఒకే ఇంట్లో ఎవరి గది వాళ్ళకి" అన్నాడు.

ఈ విద్య కొత్తది కాదు. ఇంగ్లండులో జాగ్వారు కంపెనీవారు 1961లో ఇ-టైపు కారుకు ఇటువంటి వెనక భాగం పెట్టారు. అమెరికాలోనే 1963లో షెవ్రొలె వారి కార్వెట్‌కు వచ్చింది. కండల కార్లకు మాత్రం పెట్టలేదు. ఇరుసు చవక, మోటుది, విరగదు, తిన్నని దారిలో పావు మైలు పందెం పరుగెత్తడానికి అదే మేలు. ఫోర్డువారు మస్టాంగులన్నింటికీ విడి చక్రాల పద్ధతి పెట్టింది 2015 మోడలుతోనే. మధ్యలో 1999 నుంచి 2004 దాకా వచ్చిన కోబ్రా అనే మేలురకానికి మాత్రం పెట్టారు. అందువల్ల ఆ కారు మొత్తం బరువు సుమారు 80 పౌండ్లు పెరిగినా, ఎగిరిపడే బరువు 125 పౌండ్ల దాకా తగ్గింది.

ఇక డబ్బు సంగతి. పాత కార్లకు సరిపోయేట్లు కొత్తగా చేసిన సరంజామా అంగళ్ళలో దొరుకుతుంది. ధర వేల డాలర్లలో మొదలవుతుంది. బ్రేకులూ చక్రాలూ కలుపుకొనే సరికి బండి ఖరీదును పలకరించి వస్తుంది. మావాడి దగ్గరున్నది మూడువేల డాలర్లు. కాబట్టి పాత ఇనుప సామాన్ల యార్డులమీద పడ్డాడు.

అక్కడ మూడు దారులున్నాయి. మొదటిది జాగ్వారు. దాని వెనక భాగమంతా ఒక పంజరంలో అమర్చి వుంటుంది గనుక పెట్టెలాగా దించుకోవచ్చు. కాని బ్రేకులు చక్రాల దగ్గర గాక లోపల డిఫరెన్షియలును అంటుకొని వుంటాయి. వాటికి రిపేరు వస్తే చెయ్యి దూరదు. రెండవది 1989 నుంచి 1997 దాకా వచ్చిన ఫోర్డు థండర్‌బర్డు. అన్నింటిలోకీ చవక. అయితే దాని చక్రాల బోల్టులు 4.25 అంగుళాల వలయంలో వుంటాయి, మస్టాంగువి 4.5. చక్రాలు కలవవు. మూడవది నేను చెప్పిన కోబ్రా. బోల్టులు కలుస్తాయి. పైగా ఫోర్డువారే దాన్ని పాత ఇరుసు బిగించే చోట్లలో బిగిసేట్లు చేశారు. 1979 నుంచి 2004 దాకా వచ్చిన మస్టాంగుల అడుగు భాగం ఒకే వంశానిది. ఆ కార్లున్నవారు కొద్ది మార్పులతో నట్లూ బోల్టులతోనే పని ముగించుకోవచ్చు. 1967 బండికి మాత్రం అతుకులు తప్పవు.

మావాడు కోబ్రానే కొన్నాడు. అడవిగుర్రానికి తాచుపాము నడుము!

"ఒరే అబ్బాయీ, కొత్త కమానులు, మంచి షాక్ అబ్సార్బర్లు వేస్తే సరిపోదట్రా?" అని అడిగాను. అడిగి, తెలివైన మాట అన్నానేమోనని భయపడ్డాను.

"సరిపోతుంది మామయ్యా, ముప్పాతిక భాగం. ఆరువందల డాలర్లలో పోతుంది. ఎవరడిగినా ముందు అదే చేయించుకోమంటాను" అన్నాడు. "మరి?" అంటే, "మిగిలిన పాతిక నాన్నకు కావాలి" అని మళ్ళీ కారు కిందికి దూరిపోయాడు.

మూడు వారాలు పనిచేశాడు. ఆ కారుకు లారీకున్నట్లు వేరే ఛాసిస్ లేదు. రేకు మడతలే దాని ఎముకలు. పలుచని రేకుకు బరువు అతికితే రేకు చిరుగుతుంది. అందుకని మందపు ఉక్కు పట్టీలు పరిచి, వాటికి కోబ్రా చట్రాన్ని పట్టే కొక్కేలు అతికాడు. అతకడం తానే నేర్చుకున్నాడు. నాలుగో శనివారం కారును స్టాండ్లమీదినుంచి దించాడు. దించగానే వెనక చక్రాల నెత్తులు రెండూ లోపలికి వాలాయి. కాళ్ళు ఎడంగా పెట్టి కుస్తీకి నిలబడ్డ మల్లుడిలాగా వున్నది బండి.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకొని బావగారు గరాజులోకి వచ్చారు. చేతికర్ర పక్కన పెట్టి, స్టూలుమీద కూర్చున్నారు. ఆయన ముప్ఫయి ఏళ్ళు ఒక యంత్రభాగాల ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసిన మనిషి.

"చక్రాలు వేలాడుతుండగా కొలతలు తీసుకున్నావుట్రా?" అన్నారు. వాడు తలూపాడు.

"బండి గాలిలో నడుస్తుందా, నేలమీద నడుస్తుందా? ముందు బండి ఎంత ఎత్తున నిలబడాలో నిర్ణయించు. షాకుల స్థానంలో ఆ పొడుగు కడ్డీలు పెట్టి, చక్రాలను ఆ ఎత్తుకే బిగించు. అక్కడ చుక్కలు చుక్కలుగా అతికి చూసుకో. అన్నీ కుదిరాకనే పూర్తి అతుకు. గేరుబాక్సు షాఫ్టు ఏ వాలులో వుంటే డిఫరెన్షియలు మూతీ ఆ వాలులోనే వుండాలి, రెండూ సమాంతరంగా. లేకపోతే నలభై మైళ్ళ వేగంలో బండి వణుకుతుంది."

తరువాత సుత్తీ, ఉలీ అడిగి తీసుకున్నారు. అతుకు పైకి పూసల దండలాగా అందంగానే వున్నది. నాలుగు దెబ్బలు వేసే సరికి ఒక కొక్కెం ఊడి నేల మీద పడింది. దాని వెనక ఉక్కు కరిగిన జాడే లేదు.

"దీనిమీద మీ అమ్మను కూర్చోబెడదామనుకున్నావా?"

ఆ మాట గట్టిగా కూడా అనలేదాయన. వాడి ముఖం చూడలేక నేను బయటికి వచ్చేశాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు ఉదయం మేము లేచే సరికి బావగారు ఫోనులో ఎవరో వెల్డింగు పనివాడితో బేరమాడుతున్నారు. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం ఆ స్టూలుమీద ఆయన, నేలమీద వాడు.

మధ్యలో ఒకసారి రబ్బరు బుష్షుల దగ్గర తగవొచ్చింది. కోబ్రా వెనక భాగానికొక చెడ్డ పేరుంది: ఆగి వున్న బండిని ఒక్కసారిగా ఉరికిస్తే చక్రాలు గంతులు వేస్తాయి. పందేల వాళ్ళు రబ్బరు తీసేసి గట్టి బుష్షులు వేస్తారు. గంతులు తగ్గుతాయి గాని, రోడ్డు మోత అంతా లోపలికి వస్తుంది. కుర్రవాడి మనసు గట్టివాటిమీద వుంది. బావగారు తన నడుము చూపించారు. రబ్బరే గెలిచింది.

చదువరుల్లో లెక్క అడిగేవారుంటారు కనుక, వాడి పుస్తకంలోనుంచి ఎత్తి రాస్తున్నాను. బ్రేకులతో సహా పాత కోబ్రా భాగం 1,200 డాలర్లు, బుష్షులు 260, స్ప్రింగులు, షాకులు 480, ఉక్కు 150, వెల్డింగు పనివాడికి 700, ప్రొపెల్లరు షాఫ్టు కొలతకు కోయించి సరిచేయించడానికి 320, బ్రేకు గొట్టాలు, చేతిబ్రేకు తీగ 190, పాత చక్రాలు, టైర్లు 500. ఈ చక్రాలెందుకంటే, కోబ్రా భాగం ఒక్కో పక్క అంగుళం పైచిలుకు వెడల్పు. లోపలికి లోతుగా కూర్చునే చక్రాలు లేకపోతే టైరు మడ్‌గార్డుకు రాచుకుంటుంది. మొత్తం 3,800. తీసేసిన ఇరుసూ కమానులూ అమ్మితే 350 వచ్చాయి. నికరం 3,450. వాడు మొదట అతికిన అతుకులే నిలిచి వుంటే మూడువేల లోపే అయ్యేది. ఆ ఏడువందల దగ్గర మాత్రం ఎవరూ గీచి బేరమాడకూడదని, ఊడిపడ్డ ఆ కొక్కేన్ని కళ్ళారా చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను. వస్తువు పాతదైనా ఫరవాలేదు. అతుకు మనుషులను మోయాలి.

నా ప్రయాణానికి రెండు రోజులుందనగా బండి సిద్ధమైంది. వాడొక్కడే ముందు రెండు రోజులు తిప్పి, ప్రతి బోల్టూ మళ్ళీ బిగించి చూశాడు. మూడోనాడు సాయంత్రం బావగారు ముందు సీటులో దిండు వేసుకొని కూర్చున్నారు. నేనూ అక్కయ్యా వెనక ఇరుక్కున్నాము. వీధి చివర రైలు గేటు కనబడగానే వాడు వేగం బాగా తగ్గించాడు. అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది.

పట్టాలు దాటాము. కుదుపు లేకపోలేదు. పట్టాలు పట్టాలే కదా! కాని, పక్కనుంచి తన్నినట్లుండే ఆ దెబ్బ లేదు. వాడు రోడ్డు చూడడం మాని తండ్రి ముఖం చూస్తున్నాడు. బావగారేమీ అనలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "బండి వెనక్కి తిప్పు, మళ్ళీ దాటు" అన్నారు.

దాటాము.

"ఈసారి కొంచెం వేగంగా" అన్నారు.

అయిదోసారి దాటుతుండగా అక్కయ్య, "బాబూ, నన్నిక్కడ దింపేయండి. ఇంటికి వెళ్ళి అన్నం వండాలి. మీరెన్నిసార్లు దాటుకుంటారో దాటుకోండి" అన్నది.

"పోనీ, పోనీ" అన్నారు బావగారు. ఆమెతో అన్నారో, వాడితో అన్నారో తెలియలేదు. వాడు మాత్రం బండి పోనిచ్చాడు.